ముందు పళ్ల గార, దవడ పన్ను నొప్పి: ముందుగా దేనికి చికిత్స?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలోని ఒక గ్రామం. నాకు 24 ఏళ్లు. చిన్నతనంలో బోరు నీళ్లే తాగినందువల్ల నా ముందు పళ్లకు గోధుమ రంగు గార పట్టింది. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. నాలుగు నెలల్లో నా పెళ్లి. పై వరుసలో ఎనిమిది పళ్లకు పింగాణీ వెనీర్లు (పంటి ముందు భాగానికి అతికించే పలుచని పొరలు) వేస్తే పది రోజుల్లో తెల్లగా కనిపిస్తాయని ఒక క్లినిక్‌లో చెప్పారు. ఇంకొక చోట, కింది దవడ పన్ను పిప్పి పట్టింది కనుక ముందు రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకోవాలన్నారు. ఆ పన్ను కొన్ని రాత్రులు దానంతటదే సలుపుతోంది. రెండూ చేయించుకునేంత డబ్బు మా దగ్గర లేదు. దేన్ని ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు దవడ పన్ను చూపించుకోండి. చల్లనివి తాకినప్పుడు జివ్వుమని వెంటనే తగ్గే పన్నుకు చాలాసార్లు ఫిల్లింగ్ సరిపోతుంది. ఏమీ తాకకుండానే రాత్రివేళ సలుపుతోందంటే మాత్రం పిప్పి పంటి లోపలి నరం దాకా చేరి ఉండే అవకాశం ఎక్కువ. అటువంటి నరం మళ్లీ మామూలు స్థితికి రాదు. కొన్నాళ్లకు నొప్పి తగ్గినా, నరం చచ్చిపోయినందువల్ల తగ్గిందే తప్ప జబ్బు నయమై కాదు. ఆ తర్వాత వేరు కొసన చీము చేరుతుంది. చివరకు పన్ను తీయించుకోవలసి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదుటి పన్ను దిగివస్తుంది, దాన్ని సరిచేయడానికి బ్రిడ్జో ఇంప్లాంటో పెట్టించుకోవాలంటే ఇప్పుడు రూట్ కెనాల్‌కూ క్యాప్‌కూ అయ్యే ఖర్చు కంటే చాలా ఎక్కువ అవుతుంది. క్యాప్ ఎందుకని కొందరు వదిలేస్తారు. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను నమిలే ఒత్తిడికి చీలిపోకుండా కాపాడేది అదే.

ఇక గార సంగతి. పెళ్లికి ముందు పళ్లు బాగా కనిపించాలని కోరుకోవడం ఆడంబరం కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరిగిన మనిషికి ఆ చెయ్యి తీయగలగడం ఎంత ముఖ్యమో ఆ ప్రాంతం నుంచి వచ్చే రోగులను చూసే ఏ వైద్యుడికైనా తెలుసు. అందుకే మీ ఎదుట ఉన్న ప్రశ్న అందమా, ఆరోగ్యమా అన్నది కాదని నా అభిప్రాయం. ఆ అందం కోసం ఆరోగ్యంగా ఉన్న పంటిని ఎంత కోయాలన్నదే అసలు ప్రశ్న.

వెనీర్ అతికించడానికి సాధారణంగా పంటి ముందు భాగంలో సుమారు 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల ఎనామిల్‌ను, అంటే పంటి పైన ఉండే గట్టి పొరను, అరగదీస్తారు. చూడటానికి కొంచెమే అయినా, ఎనామిల్ మళ్లీ పెరగదు. మంచి వెనీర్ 10 నుంచి 15 ఏళ్లు నిలుస్తుంది. మీకు 24 ఏళ్లే కనుక జీవితకాలంలో రెండు మూడుసార్లయినా మార్చుకోవలసి రావచ్చు, మార్చిన ప్రతిసారీ పన్ను మరికొంత తరగవచ్చు. పైగా ఫ్లోరోసిస్ (నీటిలో ఎక్కువగా ఉన్న ఫ్లోరైడ్ వల్ల పళ్లకు ఇలా గార పట్టడం) తీవ్రంగా ఉన్న ఎనామిల్ మీద అతుకు మామూలు ఎనామిల్ మీద పట్టినంత గట్టిగా పట్టదు. వెనీర్లు చెడ్డవని నేను అనను. పళ్ల మీద గుంటలు పడి, అంచులు విరిగి, తేలిక పద్ధతులేవీ పనిచేయని వారికి అవి నిజంగా మేలు చేస్తాయి. కానీ ఆ పద్ధతులను ప్రయత్నించకుండానే ఎనిమిది పళ్లను అరగదీయడాన్ని నేను సమర్థించలేను.

ఆ పద్ధతులు ఇవి. ఫ్లోరోసిస్‌లో గోధుమ రంగు చాలామందికి ఎనామిల్ పై పొరలోనే ఉంటుంది. మైక్రో అబ్రేషన్ అనే విధానంలో తేలికపాటి ఆమ్లం, సన్నని పొడి కలిసిన ముద్దతో ఆ పై పొరను, మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు, రుద్ది తీస్తారు. మిగిలిన రంగును బ్లీచింగ్ తగ్గిస్తుంది: మీ పళ్ల అచ్చుతో చేసిన పలుచని ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని, రెండు నుంచి నాలుగు వారాల పాటు రాత్రిపూట పెట్టుకోవాలి. ఈ సమయంలో పళ్లు కొంత జివ్వుమంటాయి, తెల్ల మచ్చలు మొదట్లో మరింత కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు. వీటికి భయపడి మధ్యలో ఆపేసేవారు చాలామంది. అప్పటికీ మిగిలిన గుంటలనూ మచ్చలనూ కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగ్ పదార్థంతో సరిచేయవచ్చు. వెనీర్ నిలిచినంత కాలం కాంపోజిట్ నిలవదు, రంగు మారుతుంది, కాకపోతే మరమ్మతు సులువు, పన్ను దాదాపు చెక్కుచెదరదు.

నాలుగు నెలల వ్యవధి దీనికి సరిపోతుంది. మొదటి నెలలో ఎక్స్‌రే, స్కేలింగ్ (పళ్లు శుభ్రం చేయడం), దవడ పన్ను రూట్ కెనాల్, క్యాప్ పూర్తి చేయించుకోండి. పిప్పిని అలాగే ఉంచి బ్లీచింగ్ చేస్తే జెల్ అందులోకి దిగి విపరీతమైన నొప్పి పెడుతుంది. తర్వాత మైక్రో అబ్రేషన్, బ్లీచింగ్. బ్లీచింగ్ ముగిసిన వెంటనే కాంపోజిట్ సరిగా అతకదు కనుక కనీసం రెండు వారాలు ఆగాలి. ఈ పనులన్నీ పెళ్లికి ముందే ముగించడానికి మరో కారణం కూడా ఉంది: గర్భం ధరించాక బ్లీచింగ్ చేయకూడదు, అప్పుడు దవడ పన్ను తిరగబెడితే మందుల విషయంలోనూ ఇబ్బందే. డబ్బు సమస్య అన్నారు కాబట్టి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లి అడగండి. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు విజయవాడ, కడపలలో ఇలాంటి ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. అక్కడ వేచి ఉండవలసి వస్తుంది కనుక వారం రోజుల్లోపే వెళ్లడం మంచిది.

ఈలోగా నిమ్మరసం, బొగ్గుపొడి, ఇటుక పొడి వాడకండి. అవి గారతో పాటు ఎనామిల్‌నూ తినేస్తాయి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వల్ల గార పెరుగుతుందని మీ ప్రాంతంలో చాలామంది భయపడతారు. పెద్దవాళ్లలో అలా జరగదు, ఎందుకంటే ఫ్లోరోసిస్ చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఎనామిల్ తయారయ్యే దశలోనే ఏర్పడుతుంది. పిప్పి పళ్లున్న మీకు ఆ పేస్టు అవసరం కూడా. జాగ్రత్త పడవలసింది ఇంట్లో చిన్నపిల్లలు తాగే నీటి విషయంలో: మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ మించకూడదు, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పన్నెండేళ్ల క్రితం దెబ్బ తగిలి ముందు పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఇప్పుడు ఆ ఒక్క పన్నే నల్లబడింది. నొప్పి లేదు. క్యాప్ వేయించుకోవాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఎక్స్‌రే తీయించండి. నొప్పి లేకపోయినా వేరు కొసన ఇన్ఫెక్షన్ ఉండవచ్చు, ఉంటే రూట్ కెనాల్ మళ్లీ చేయాలి. ఎక్స్‌రేలో అంతా బాగుండి, పన్ను చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటే క్యాప్ కోసం చుట్టూ అరగదీయవలసిన పని లేదు. వెనక వైపు చిన్న రంధ్రం తెరిచి, వేరు పైభాగాన్ని సిమెంటుతో మూసి, లోపల బ్లీచింగ్ మందు పెట్టే విధానం ఉంది. కొద్ది రోజుల వ్యవధిలో మందు మారుస్తూ రెండు నుంచి నాలుగు సార్లు పెడితే చాలామందికి రంగు బాగా తేలిపడుతుంది. వేరు పైభాగం మూయకుండా మందు పెడితే వేరు కరిగిపోయే ప్రమాదం ఉంటుంది కనుక ఆ విషయం వైద్యుడిని అడిగి నిర్ధారించుకోండి. పన్ను సగానికి పైగా విరిగి, పెద్ద ఫిల్లింగ్ మీదే నిలిచి ఉంటే మాత్రం క్యాప్ వేయించుకోవడమే సరైనది, అది పంటికి బలం కోసం కూడా. అప్పుడు రంగు ఎంపిక పగటి వెలుతురులో, పళ్లు తడిగా ఉన్నప్పుడే చేయమనండి. ఆరిన పన్ను అసలు కంటే తెల్లగా కనిపిస్తుంది.