నాన్న గురించి రాసే ముందు ట్రంకుపెట్టె తెరువు

అమ్మలూ,

నువ్వు పంపిన మూడు పేజీలూ చదివాను. సంవత్సరీకానికి వేస్తున్న సంచికలో నీ వ్యాసమే మొదట రావాలని మీ అన్నయ్య పట్టుబట్టాడట, సబబే. కానీ బాబాయిగా కాదు, ముప్పై నాలుగేళ్ళు పత్రిక డెస్కులో కూర్చుని ఊళ్ళో వాళ్ళందరి కాపీ దిద్దినవాడిగా చెబుతున్నాను. ఆ మూడు పేజీల్లో మీ నాన్న లేడు. "బహుముఖ ప్రజ్ఞాశాలి", "కళాభిమాని", "దేశమంతా తిరిగిన పాత్రికేయుడు"... ఈ మాటలు నా చేతుల మీదుగా ఎంతమంది గురించి అచ్చయ్యాయో లెక్కలేదు. పేరు మారిస్తే చాలు, ఎవరికైనా సరిపోతాయి. కోప్పడకు.

ముందు మీ అమ్మ మంచం కిందున్న ట్రంకుపెట్టె తెరువు. అందులో నోటుబుక్కులుంటాయి, నాటకాల కరపత్రాలుంటాయి, టీఏ బిల్లుల, అంటే ప్రయాణ ఖర్చుల బిల్లుల, కార్బన్ కాపీలుంటాయి. నోటుబుక్కులకంటే బిల్లుల మీదే నాకు నమ్మకం. మీ నాన్న నోట్సులో తేదీ వేసేవాడు కాదు. "ఆదివారం, వాన" అని రాసి ఊరుకునేవాడు. బిల్లులో అలా కుదరదు కదా! ఏ ఊరు, ఏ బస్సు, ఎన్నింటికి బయల్దేరాడు, టిఫిన్‌కి ఎంతయింది, అన్నీ అకౌంట్స్ వాళ్ళకి చెప్పుకోవాల్సిందే.

ఆ తేదీలు చేతిలో పెట్టుకుని పాత పత్రికల్లో వెతుకు. ఇక్కడ నీకో చిక్కు వస్తుంది. ఆ రోజుల్లో బైలైన్, అంటే వార్త మీద రాసినవాడి పేరు, ఇవ్వడమంటే మా వాళ్ళకి ఆస్తి రాసిచ్చినంత పని. అంతా "మా ప్రత్యేక ప్రతినిధి", "మా విలేఖరి". నాన్న పేరు కోసం చూస్తే ఆదివారం అనుబంధాల్లో పదో ఇరవయ్యో దొరుకుతాయి, అంతే. కాబట్టి పేరు వదిలేసి డేట్‌లైన్, అంటే వార్త మొదట్లో వేసే ఊరూ తేదీ, పట్టుకో. బిల్లులో ఊరూ వార్త మీద ఊరూ ఒకటై, తేదీల మధ్య రెండ్రోజులకి మించి తేడా లేకపోతే అది చాలావరకు ఆయనదే. ఇంకో గుర్తు చెబుతాను. సంగతి ఏదైనా, మొదటి పేరాలో ఒక చప్పుడు ఉంటుంది. బోరింగు కొడుతున్న చప్పుడు, మూసేసిన మిల్లు గేటు గొలుసు చప్పుడు. వార్తకి ఇదెందుకని నేనే ఎన్నోసార్లు కొట్టేశాను. కొట్టేసినవి ఇక దొరకవు.

ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి పెట్టిన పాత పత్రికలు కొన్ని ఇంటర్నెట్‌లోనే చూడొచ్చు. లేనివాటికి వేటపాలెం సారస్వత నికేతనంలో అడుగు, 1918 నాటి గ్రంథాలయం అది. హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఎలాగూ ఉంది. ముందు ఫోన్ చేసి వెళ్ళు. బైండు పుస్తకాల్ని జిరాక్స్ మెషీన్ మీద బోర్లించకు, కాగితం అప్పడంలా విరుగుతుంది. ఫోన్‌తో ఫోటో తీసుకో చాలు.

మా మాటలు మాత్రం ఊరికే నమ్మకు. నా సంగతే చూడు. 1977 నవంబర్ 19, శనివారం రాత్రి నేను హైదరాబాద్ డెస్కులో ఉన్నాను. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయెల్‌లో దిగుతున్నాడు, అదే మాకు పెద్ద వార్త. టెలిప్రింటర్ ఆ సంగతే కొడుతోంది. అదే వేళకి దివిసీమ మీదికి ఉప్పెన వచ్చేసింది. పదివేల మందికి పైగా పోయారు. లైన్లు తెగిపోయి, అటు నుంచి మాకు ఒక్క ముక్క లేదు. మర్నాడు పొద్దున్నే మీ నాన్న దివిసీమలోని నాగాయలంకలో ఉన్నాడని నేను ముప్పై ఏళ్ళపాటు అందరికీ చెప్పుకొచ్చాను, సభల్లో కూడా. తీరా రిటైరయ్యాక ఒకసారి ఫైలు తిరగేస్తే నాగాయలంక డేట్‌లైన్ నవంబర్ 23. దారంతా కూలిన చెట్లూ నీళ్ళూ అయితే మర్నాటికి ఎలా వెళ్తాడు? నేను అబద్ధమాడలేదమ్మా, నిజంగానే అలా గుర్తుండిపోయింది. నాలాంటివాళ్ళు పదిమంది ఈ సంచికకి రాస్తారు. మీ ఇంటి సాయంత్రాల్ని బందరు కృష్ణాపత్రిక ఆఫీసులో సాగిన సాహిత్య గోష్ఠి, ఆ దర్బారుతో పోల్చి, మీ నాన్న అందులో కూర్చున్నాడని కూడా ఎవరో ఒకరు రాసేస్తారు, చూస్తూ ఉండు. ఆ పత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావుగారు పోయింది 1945లో. మీ నాన్న అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు.

ఇక కళల సంగతి. ఎన్ని కచేరీలు విన్నాడో జాబితా వెయ్యకు. ఎక్కడ కూర్చుని చూసేవాడో రాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటకి నన్నూ లాక్కెళ్ళాడు. నేను తెర ముందు చాప మీద కూర్చున్నాను. ఈయన కనిపించడు. వెళ్ళి చూస్తే తెర వెనక, దీపం పక్కన, బొమ్మలు అందించే ముసలమ్మకి సాయం చేస్తున్నాడు. సురభి నాటకానికెళ్ళినా అంతే. వాళ్ళు 1885లో కీచకవధతో మొదలెట్టారని ఉపన్యాసం ఇస్తూనే, మాయలు చేసే తాళ్ళు ఎవరు లాగుతున్నారో చూడ్డానికి పక్కకి జారుకునేవాడు.

తంజావూరు జిల్లా మేలట్టూరు గురించి నోటుబుక్కులో ఉంటుంది, వదలకు. అక్కడ నృసింహ జయంతికి, ఇంట్లో తమిళం మాట్లాడే మగవాళ్ళు ఆడవేషాలు కూడా తామే కట్టి తెల్లవార్లూ తెలుగు నాటకం ఆడతారు. త్యాగరాజు కాలం నాటి వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రం. ఆ ఊరి నుంచి వచ్చాక వారం రోజులు ఆఫీసులో మాకు అదే వాయించాడు. ఏ ఏడో నాకు తేలలేదు. టీఏ బిల్లు ఉండదు, సొంత ఖర్చుతో వెళ్ళాడు. ఆ నెల ఇంట్లో కిరాణా బాకీ మాట మీ అమ్మకి గుర్తుండవచ్చు, ఆ వైపు నుంచి అడిగి చూడు.

అసలు అమ్మనే ముందు కూర్చోబెట్టు. మాకు తెలిసింది ప్రెస్‌క్లబ్బు మనిషి. ఆయన ఊళ్ళు తిరుగుతుంటే కటింగులు అతికించింది ఆవిడే, నువ్వు పుట్టిన రోజున ఆస్పత్రికి మీ మావయ్యతో వెళ్ళిందీ ఆవిడే. అది కూడా రాయి. ఆయన రెండు రోజుల తర్వాత, చేతిలో తోలుబొమ్మ హనుమంతుడితో వచ్చాడు. నీకు నచ్చలేదని రాయాలనిపిస్తే అలాగే రాయి, నేను దిద్దను.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తాను. ట్రంకుపెట్టె తాళంచెవి ఎక్కడుందో వెతికించు. లేకపోతే తాళం పగలగొట్టేవాణ్ణి పిలిచి పెట్టు.

ఆశీస్సులతో,
బాబాయి