డబ్ల్యూ పడితే జీపీఏకి ఏం కాదు, ఎయిడ్‌కి అవుతుంది

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం, గ్రీన్ కార్డ్ వచ్చింది. మా బాబు స్టేట్ యూనివర్సిటీలో ఫస్ట్ ఇయర్ అయిపోయింది. జీపీఏ (గ్రేడ్ల సగటు) 2.3 ఉంది. ఫాల్‌లో 15 క్రెడిట్లు తీసుకుని కాల్క్యులస్ డ్రాప్ చేశాడు, స్ప్రింగ్‌లో 16 తీసుకుంటే మళ్ళీ అదే కాల్క్యులస్‌లో ఎఫ్ వచ్చింది, కెమిస్ట్రీ డ్రాప్ చేశాడు. మార్చిలో మా మావగారు తెనాలిలో పోయారు, వాడు వెళ్ళి మూడు వారాలు ఉండి వచ్చాడు. ఇప్పుడు ఫైనాన్షియల్ ఎయిడ్ సస్పెండ్ అని మెయిల్ వచ్చింది, ముందు ఒక్క వార్నింగ్ కూడా లేదు. కాలేజీ గ్రాంట్, వాడి లోన్, వాడి చదువుకి మా పేరు మీద తీసుకున్న ఫెడరల్ పేరెంట్ ప్లస్ లోన్ అన్నీ ఆగిపోతాయట. మా వారి పాత కంపెనీ 401కె (రిటైర్మెంట్ ఖాతా) అలాగే ఉంది, అందులోంచి 20,000 తీసి కట్టేద్దామా, లేక ప్రైవేట్ లోన్ తీసుకోమంటారా?

జవాబు:

రెండూ వద్దండీ, ఇప్పుడే కాదు. ముందు మీవాడి ట్రాన్‌స్క్రిప్ట్ ముందేసుకుని కూర్చోండి, ఎందుకంటే ఇది అక్కడ తెగాల్సిన లెక్క.

మీరు జీపీఏ చూసి 2.0 పైనే ఉంది కదా అనుకున్నారు, అందరూ అదే చూస్తారు. కానీ ఫెడరల్ ఎయిడ్‌కి శాటిస్ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ అని ఒక రూల్ ఉంది, అందులో జీపీఏ ఒక భాగమే, రెండోది పేస్, అంటే రిజిస్టర్ చేసుకున్న క్రెడిట్లలో ఎన్ని పాసయ్యాడు అని. చాలా కాలేజీల్లో అది 67 పర్సెంట్ ఉండాలి. ఎందుకు 67 అంటే, డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లకి ఒకటిన్నర రెట్లు దాటేలోపు పూర్తి చెయ్యాలి, 120 క్రెడిట్ల డిగ్రీ అయితే 180 లోపు అన్నమాట, మూడింట రెండొంతులు పాసవుతూ పోతేనే అది కుదురుతుంది.

కోర్సు మధ్యలో మానేస్తే గ్రేడ్ బదులు డబ్ల్యూ (విత్‌డ్రా) అని పడుతుంది. పిల్లలు ఇంట్లో ఏం చెప్తారంటే, "డ్రాప్ చేశా అమ్మా, డబ్ల్యూ పడింది, జీపీఏ మీద పడదు" అని. నిజమే, జీపీఏ మీద పడదు, కానీ పేస్‌లో డబ్ల్యూ కూడా ఎఫ్‌తో సమానం, తీసుకున్న లెక్కలో ఉంటుంది పాసైన లెక్కలో ఉండదు. ఇన్‌కంప్లీట్ కూడా పూర్తి చేసేదాకా అంతే. సెమిస్టర్ మొదట్లో యాడ్ డ్రాప్ గడువులోపు మానేస్తే అసలు డబ్ల్యూనే పడదు, ఆ తేదీ మాత్రం వాడు ఫోన్‌లో పెట్టుకోవాలి.

మీవాడి లెక్క ఇదీ, కాల్క్యులస్, కెమిస్ట్రీ నాలుగేసి క్రెడిట్లు. ఫాల్‌లో 15కి 11, స్ప్రింగ్‌లో 16కి 8. మొత్తం 31కి 19, అంటే 61 పర్సెంట్ చిల్లర. ఈ సమ్మర్‌లో కాల్క్యులస్ ఒక్కటే 4 క్రెడిట్లు మళ్ళీ చేసి పాసయ్యాడనుకోండి, 35కి 23, 65.7 అవుతుంది, చాలదు. దానికి తోడు ఇంకో 3 క్రెడిట్ల కోర్సు కూడా పాసైతే 38కి 26, 68 దాటుతుంది, గట్టెక్కినట్టే. పాత ఎఫ్ లెక్కలోంచి పోదు, కొత్తది కలుస్తుంది, అందుకే ఒక్క కోర్సుతో పని అవ్వట్లేదు.

ఈ సమ్మర్ ఫీజు మాత్రం ఎయిడ్ లేకుండా జేబులోంచే కట్టాలి. కమ్యూనిటీ కాలేజీలో చేస్తే చాలా తక్కువలో అయిపోతుంది, యూనివర్సిటీ ఒప్పుకున్న ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లు పేస్‌లో రెండు వైపులా కలుపుతారు, జీపీఏలో మాత్రం మామూలుగా కలపరు. చేరే ముందే ఆ కోర్సు మాకు చెల్లుతుంది అని అడ్వైజర్ చేత మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట మీద వెళ్ళొద్దు. 529 ప్లాన్‌లో, అంటే చదువు కోసం దాచే ఖాతాలో, ఏమైనా ఉంటే ఇక్కడ వాడండి, దానికి ఈ ప్రోగ్రెస్ రూల్‌తో సంబంధం లేదు, ఫీజు కట్టిన క్యాలెండర్ ఇయర్‌లోనే డబ్బు తీస్తే చాలు.

సమ్మర్‌తో పాటే అప్పీల్ కూడా పెట్టాలి, ఒకటి అయ్యాక ఒకటి అని ఆగకండి. దగ్గరి బంధువు చనిపోవడం, స్టూడెంట్‌కి జబ్బు చెయ్యడం లాంటివి రూల్‌లోనే కారణాలుగా ఉన్నాయి, తాతగారి విషయం దాంట్లోకి వస్తుంది. డెత్ సర్టిఫికెట్ తెలుగులో ఉంటే ఇంగ్లీష్ ట్రాన్స్‌లేషన్ జతచెయ్యండి, వాడి ఫ్లైట్ టికెట్లు కూడా, ఆ తేదీలు క్లాసుల తేదీలతో కలిసి కనపడాలి. కానీ ఒక చిక్కుంది, ఫాల్‌లో పడిన డబ్ల్యూకి తాతగారు కారణం కాదు కదా, దాన్ని ఈ కథలో కలిపేస్తే చదివేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. మొదటి సెమిస్టర్‌లో కాల్క్యులస్ అందలేదు, అప్పుడు ట్యూటరింగ్‌కి వెళ్ళలేదు, ఇప్పుడు వెళ్తున్నా, సమ్మర్‌లో మళ్ళీ చేస్తున్నా అని ఉన్నదున్నట్టు రాయాలి. ఏం జరిగింది అన్నది ఎంత ముఖ్యమో ఇప్పుడు ఏం మారింది అన్నది అంతే ముఖ్యం, మనవాళ్ళు మొదటిది రెండు పేజీలు రాసి రెండోది ఒక్క లైన్‌లో "ఇకమీదట బాగా చదువుతాను" అని వదిలేస్తారు.

ఇంకోటి, లెటర్ వాడే రాయాలి, ఫోన్ వాడే చెయ్యాలి. కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు స్టూడెంట్‌దే, వాడు సంతకం పెట్టి పర్మిషన్ ఇవ్వకపోతే మీరెంత ఫీజు కడుతున్నా మీకు ఏమీ చెప్పకపోవచ్చు. అప్పీల్ ఒప్పుకుంటే ఒక సెమిస్టర్ ప్రొబేషన్ అంటారు, ఎయిడ్ వస్తుంది, లేదా ఇంత పాసవ్వాలి అని ఒక ప్లాన్ ఇస్తారు.

వార్నింగ్ ఎందుకు ఇవ్వలేదంటే, సెమిస్టర్‌కోసారి చెక్ చేసే కాలేజీలే ఒక సెమిస్టర్ వార్నింగ్ ఇవ్వగలవు, ఏడాదికోసారి చూసేవాళ్ళకి ఆ వెసులుబాటు రూల్‌లోనే లేదు. మీది రెండో రకం అయ్యుండాలి.

ఇక 401కె. మీ వారికి 59న్నర ఏళ్ళు దాటి ఉండవు కాబట్టి 20,000 తీస్తే 10 పర్సెంట్ పెనాల్టీ 2,000, మీరు 22 పర్సెంట్ బ్రాకెట్‌లో ఉన్నారనుకుంటే ఫెడరల్ టాక్స్ 4,400, స్టేట్ టాక్స్ వేరే. 401కె ప్లాన్ వాళ్ళు టాక్స్ కింద 20 పర్సెంట్ పట్టుకుని 16,000 పంపిస్తారు, అంతే పోయింది అనుకుంటారు, ఏప్రిల్‌లో ఇంకో 2,400 కట్టమని తేలుతుంది. చదువు ఖర్చుకి పెనాల్టీ లేదు అని ఎవరైనా చెప్తే అది ఐఆర్ఏకి (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా), 401కెకి కాదు. పైగా ఈ ఏడాది తీసింది మీ ఇన్‌కమ్‌గా కనపడి రెండేళ్ళ తర్వాతి ఫాఫ్సాలో (ఫెడరల్ ఎయిడ్ కోసం పెట్టే దరఖాస్తు), అంటే వాడి ఫోర్త్ ఇయర్‌కి, గ్రాంట్ తగ్గించే ప్రమాదం ఉంది. ప్రైవేట్ లోన్ కొన్ని బ్యాంకులు ప్రోగ్రెస్ చూడకుండానే ఇస్తాయి, కానీ మీరు కోసైన్ చెయ్యాలి, వడ్డీ మొదటి రోజు నుంచే. అప్పీల్ కొట్టేస్తేనే దాని సంగతి చూద్దాం, అది కూడా ఒక్క సెమిస్టర్‌కే.

ఒక మాట ముందే చెప్పేస్తున్నా, ఎయిడ్ తిరిగొచ్చినా వాడి లోన్ 6,500కి పెరగకపోవచ్చు. సెకండ్ ఇయర్ అంటే క్యాలెండర్ కాదు, పాసైన క్రెడిట్లు, కాలేజీని బట్టి 24 నుంచి 30 ఉండాలి, లేకపోతే ఫస్ట్ ఇయర్ లిమిట్ 5,500 దగ్గరే ఉంటుంది. ఆ వెయ్యి తేడా ఇప్పుడే పక్కన పెట్టుకోండి.

ఫాల్‌లో 18 క్రెడిట్లు తీసుకుని కవర్ చేసేస్తా అని వాడు అనొచ్చు, ఒప్పుకోకండి. 12, 13 చాలు, అన్నీ పాసవ్వాలి. అప్పీల్ జవాబు ఫాల్ బిల్లు గడువులోపు రాకపోతే బర్సర్ ఆఫీసులో (ఫీజులు కట్టించుకునే చోటు) పేమెంట్ ప్లాన్ అడగండి, చాలా కాలేజీల్లో కొంచెం ఫీజు తీసుకుని వడ్డీ లేకుండా నెలవారీగా కట్టనిస్తారు, మొదటి వాయిదా కట్టేస్తే రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ అవ్వకుండా ఉంటుంది.