కాలనీ భద్రతకి గ్రాంటు: 16 కెమెరాలు అడిగే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న సారాంశం: 120 ఇళ్ల కాలనీ. ఏడాదిగా బైకులు, సైకిళ్లు పోతున్నాయి. నేర నివారణ పనులకి గ్రాంటు ఇస్తామని స్థానిక సంస్థ దరఖాస్తులు పిలిచింది. 16 కెమెరాలు పెట్టాలని సంఘం తీర్మానం చేసింది. దరఖాస్తు ఎలా రాస్తే డబ్బు వస్తుంది?

ముందు ఆ తీర్మానాన్ని పక్కన పెట్టండి. "మాకు 16 కెమెరాలు కావాలి" అని మొదలైన దరఖాస్తు మొదటి పేజీలోనే వెనకబడిపోతుంది. పరిశీలించేవాళ్ల మార్కుల పట్టిక ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా నాలుగు గళ్లు మాత్రం దాదాపు ఎప్పుడూ ఉంటాయి. సమస్య ఉందనడానికి రుజువేంటి? మీరు చేస్తామన్న పని వల్ల అది ఎందుకు తగ్గుతుంది? తగ్గిందని ఎలా తెలుస్తుంది? గ్రాంటు డబ్బు అయిపోయాక ఎవరు నడుపుతారు? కెమెరాలెన్ని అన్నదానికి గడి ఉండదు. చాలామంది మొదటి మూడింటికీ ఏదో ఒకటి రాసి, నాలుగోదాని దగ్గర "సంఘం చూసుకుంటుంది" అని ఒక్క ముక్కతో వదిలేస్తారు. మార్కులు పోయేది అక్కడే.

రుజువు సంగతి. 12 నెలలు కాదు, వీలైతే 24 నెలల సంఘటనలు రాసుకోండి. దొంగతనాలు బాగా పెరిగిన మూడు నెలల్నే చూపిస్తే, ఏ పనీ చేయకపోయినా తర్వాత అవి వాటంతటవే తగ్గుతాయి. అనుభవమున్న పరిశీలకుడికి ఆ సంగతి తెలుసు. ఒక్కో సంఘటనకి ఒక్కో వరస వేయండి: తేదీ, ఏ రోజు (సోమ, మంగళ...), కచ్చితమైన చోటు, ఏం పోయింది, తాళం వేసి ఉందా, వేస్తే ఎలాంటి తాళం, పోలీసులకి ఫిర్యాదు వెళ్లిందా. ఫిర్యాదు చేయనివి కూడా రాయండి, కాకపోతే వేరే గుర్తు పెట్టండి. రెండూ కలిపేస్తే మీ లెక్క పోలీసు లెక్కతో సరిపోదు, పట్టికనే నమ్మరు.

సమయం దగ్గర అందరూ ఒకే పొరపాటు చేస్తారు. రాత్రి 10కి పెట్టిన బండి పొద్దున 6కి లేదంటే, "పొద్దున 6" అని రాసేస్తారు. అలా రాయకండి. చివరిసారి చూసిన సమయం, లేదని గమనించిన సమయం రెండూ రాయండి. ఆ ఎనిమిది గంటలకీ సంఘటనని సమానంగా పంచండి, గంటకి ఎనిమిదో వంతు. అన్ని సంఘటనలకీ ఇలాగే చేసి గంటలవారీగా కూడితే, ప్రమాదం ఎప్పుడు ఎక్కువో కనిపిస్తుంది. ఉదాహరణకి 23 సంఘటనలున్నాయనుకోండి. వాటిలో 14 వెనకవైపు పార్కింగ్‌లో, అదీ ఎక్కువ భాగం అర్ధరాత్రి దాటాక అని తేలితే, మీ సమస్య 120 ఇళ్లది కాదు, ఒక పార్కింగ్‌ది. 16 కెమెరాల ప్రశ్న అక్కడే సగం తేలిపోతుంది.

దరఖాస్తులో సమస్యని ఇంత పొడవుగా రాస్తే చాలు: "24 నెలల్లో 23 వాహన దొంగతనాలు. 14 వెనక పార్కింగ్‌లో. ఆ 14లో 9 బండ్లకి హ్యాండిల్ లాక్ తప్ప వేరే తాళం లేదు. పార్కింగ్ తూర్పు మూలలో నేలమీద వెలుతురు 0.3 లక్స్. గేటు రాత్రంతా తెరిచే ఉంటుంది." ఇంతే. (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురుని కొలిచే ప్రమాణం.) "శాంతిభద్రతలు క్షీణించాయి", "మహిళలు, వృద్ధులు భయం గుప్పిట్లో" లాంటివి రాస్తే చదివేవాడి కన్ను జారిపోతుంది.

ఇలా రాసుకున్నాక మందు ఏంటో చాలావరకు అదే చెబుతుంది. ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ దగ్గర కిర్క్‌హోల్ట్ అనే ఇళ్ల సముదాయంలో 1980ల్లో ఇళ్ల దొంగతనాల మీద జరిగిన పని ఇప్పటికీ పాఠంగా చెబుతారు. ఇళ్లలో గ్యాసుకీ కరెంటుకీ నాణేలు వేసే మీటర్లుండేవి, దొంగలు వాటి కోసమే వచ్చేవాళ్లు. మీటర్లు తీసేశారు. ఒకసారి దొంగతనం జరిగిన ఇంటికే మళ్లీ జరుగుతోందని చూసి, ముందు ఆ ఇళ్లకే తాళాలు గట్టిచేసి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లని కనిపెట్టి ఉండమన్నారు. మూడేళ్లలో దొంగతనాలు 75 శాతం తగ్గాయి. మీ దగ్గర ఆ మీటరు స్థానంలో ఏముందో వెతకండి. తెరిచి ఉన్న గేటు కావచ్చు, గొలుసు కట్టడానికి ఏమీ లేని సైకిల్ స్టాండు కావచ్చు.

కెమెరాల గురించి ఒట్టి నమ్మకం మీద రాయకండి. 40 ఏళ్ల అధ్యయనాలన్నిటినీ కలిపి 2019లో వచ్చిన సమీక్షలో సీసీటీవీ వల్ల నేరాలు మొత్తం మీద సుమారు 13 శాతం తగ్గినట్టు తేలింది. పార్కింగ్ స్థలాల్లో ఫలితం అంతకంటే బాగుంది, ఎవరైనా ప్రత్యక్షంగా చూస్తున్న చోట ఇంకా బాగుంది. హింసాత్మక నేరాల మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. కాబట్టి "బండ్ల దొంగతనాలు, పార్కింగ్‌లో" అని కెమెరా అడిగితే మీ వాదనకి బలముంది. "గొడవలు ఆగుతాయి" అని అడిగితే లేదు. వెలుతురుకీ రుజువుంది: న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాల్ని చీటీలు తీసినట్టు ఎంచి కొన్నింట్లో లైట్ టవర్లు పెడితే, ఆరుబయట రాత్రిపూట జరిగే తీవ్రమైన నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. అవి చాలా ప్రకాశవంతమైన దీపాలు. మీ నాలుగు స్తంభాలకీ అదే శాతం వస్తుందని మాత్రం రాయకండి.

అందుకే నేనైతే ఈ వరసలో అడుగుతాను: గేటుకి దానంతటదే మూసుకునే ఏర్పాటు, నేలకి బిగించిన ఇనుప స్టాండ్లు, పార్కింగ్‌లో వెలుతురు, ఆ తర్వాత మూడు నాలుగు కెమెరాలు. ఇనుప స్టాండులో ఫ్రేమునీ చక్రాన్నీ కలిపి తాళం వేసేలా ఉండాలి. ముందు చక్రం మాత్రమే ఇరుక్కునే రకం వద్దు, చక్రం వదిలేసి మిగతా సైకిల్ పట్టుకుపోతారు.

వెలుతురు విషయంలో వాట్లు రాయకండి, లక్స్ రాయండి. చిన్న లక్స్ మీటరు తెచ్చి, చీకటి పడ్డాక నేలమీద ప్రతి 3 మీటర్లకీ ఒక రీడింగ్ తీసి గళ్ల కాగితం మీద వేయండి. ఫోన్ యాప్ అంకెలు పనికిరావు. వీధి దీపాల ఐరోపా ప్రమాణం ఈఎన్ 13201లో పీ4 అనే తరగతికి సగటు 5 లక్స్, ఎక్కడా 1 కంటే తగ్గకూడదు. పీ2కి సగటు 10, కనీసం 2. పార్కింగ్‌కి పీ2 అడగడం న్యాయమే. సగటు కన్నా ఆ కనీసం ముఖ్యం. ఒకచోట 40 లక్స్, పక్కనే 0.5 ఉంటే కంటికి ఆ పక్క చోటు ఇంకా చీకటిగా కనిపిస్తుంది, దాక్కునేవాడికి అదే కావాలి. ఒక పెద్ద ఫ్లడ్‌లైట్ బదులు తక్కువ ఎత్తులో నాలుగు దీపాలు మేలు.

కెమెరాల దగ్గర పరిశీలకుడు అడగకపోయినా మీరు చూపించాల్సిన లెక్క ఒకటుంది. ముఖం గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకి 250 పిక్సెల్స్ (చిత్రంలోని చుక్కలు) కావాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 2014 కూర్పు చెప్పింది. తెలిసిన మనిషేనా కాదా అని పోల్చుకోవడానికి 125 చాలు. 1920 పిక్సెల్స్ వెడల్పున్న కెమెరాని 6 మీటర్ల గేటు మీద పెడితే మీటరుకి 320, ముఖం వస్తుంది. అదే కెమెరాతో 20 మీటర్ల పార్కింగ్ మొత్తం పడేలా పెడితే మీటరుకి 96. "ఎవరో టోపీ పెట్టుకున్న మనిషి" తప్ప ఏమీ రాదు. రెండు కెమెరాలు గేటు దగ్గర, ముఖం పడే ఎత్తులో అంటే రెండున్నర మూడు మీటర్లలో, ఒకటి పార్కింగ్ అంతా కనిపించేలా. స్తంభం చివర 6 మీటర్ల ఎత్తున పెడితే నెత్తులే రికార్డవుతాయి.

నిల్వకి లెక్క ఇది: కెమెరా 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) చొప్పున పంపితే రోజుకి 43 జీబీ, 30 రోజులకి 1.3 టీబీ. నాలుగు కెమెరాలకి 5.2 టీబీ, అంటే 6 టీబీ డిస్కు. అమ్మేవాళ్లు 2 టీబీ ఇచ్చి "నెల వస్తుంది" అంటారు. అది 11 రోజులకే పాతదాన్ని చెరిపేసుకుంటూ పోతుంది. డిస్కు నిఘా రికార్డింగ్‌కి తయారైన రకమే అని కొటేషన్‌లో రాయించండి. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. దాటితే మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లని కలిపే పరికరం) కావాలి, దానికి కరెంటు, పెట్టె, తాళం కావాలి. బడ్జెట్లో మర్చిపోయేది ఇదే. బ్యాకప్‌కి: కెమెరాలు, రికార్డరు, స్విచ్ కలిపి 100 వాట్లు అనుకుంటే నాలుగు గంటలకి 400 వాట్ అవర్లు. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో కాగితం మీద 1200 ఉన్నా, సగం వరకే వాడి, ఇన్వర్టర్ నష్టం తీసేస్తే 480 మిగులుతుంది. సరిపోతుంది, అంతకంటే బాగా చిన్నది సరిపోదు.

ఇక వింతగా అనిపించేది: రాత్రి కెమెరాల దృశ్యం సాలెపురుగుల వల్ల కూడా పాడవుతుంది. ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని వెలుగు) దీపాలున్న కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు వస్తుంది, లెన్స్ ముందు గూడు కడుతుంది. రాత్రి ఆ దారాల మీద వెలుగు పడి తెర తెల్లగా అయిపోతుంది, గూడు గాలికి ఊగిన ప్రతిసారీ మోషన్ రికార్డింగ్ (కదలిక ఉంటేనే జరిగేది) మొదలై డిస్కు నిండుతుంది. నెలకోసారి పొడి కుంచెతో దులపడం అనే పనిని పేరు పెట్టి నిర్వహణ ప్రణాళికలో రాయండి. ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని కెమెరాకి దూరంగా విడిగా పెడితే సగం బాధ తగ్గుతుంది. రికార్డరు గడియారం నెట్ నుంచి సమయం తీసుకునేలా పెట్టించండి. ఎనిమిది నిమిషాలు వెనకున్న రికార్డుతో దర్యాప్తులో తలనొప్పే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చించండి. రికార్డరుని గేటు గదిలో పెట్టకండి, దొంగ దాన్నే పట్టుకెళ్తాడు.

కెమెరా ఎవరి ఇంటి కిటికీ మీదా పడకూడదు, పడితే ఆ భాగాన్ని ప్రైవసీ మాస్క్‌తో (కెమెరా సెట్టింగ్‌లో ఆ భాగం కనిపించకుండా చేయడం) కప్పాలి. ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరు చూడొచ్చు, చూసినప్పుడు ఏ పుస్తకంలో సంతకం పెడతారు, ఈ మూడూ అరపేజీలో రాసి జతచేయండి. ఇది జతచేసే దరఖాస్తులు తక్కువ.

బడ్జెట్‌లో పరికరం ధర కంటే దాని చుట్టూ పని ఎక్కువ అవుతుంది: స్తంభం, పునాది, కందకం, పైపు, కేబుల్, మీటరు కనెక్షన్. కొటేషన్లు మూడు తీసుకోండి, మూడూ ఒకే వివరాల మీద ఉండాలి. ఒకరు 2 మెగాపిక్సెల్‌కి, ఇంకొకరు 4కి ఇస్తే పోలికే కుదరదు. అందుకే ముందు మీరే ఒక పేజీ స్పెసిఫికేషన్ రాసి ముగ్గురికీ అదే ఇవ్వండి. స్తంభం వేరే సంస్థదైతే వాళ్ల రాతపూర్వక అనుమతి జతచేయాలి, "మాట్లాడాం" అంటే చెల్లదు. సంఘం వాటా అడిగితే, స్వచ్ఛంద శ్రమని గంటల్లో లెక్కగట్టి చూపించడానికి నియమాలు ఒప్పుకుంటాయో లేదో ముందే అడగండి.

చాలా గ్రాంట్లు వస్తువులకే ఇస్తాయి, రోజువారీ ఖర్చుకి ఇవ్వవు. అందుకని కరెంటు బిల్లు, ఇంటర్నెట్, ఐదేళ్లలో ఒకసారి డిస్కు, మూడు నాలుగేళ్లకి బ్యాటరీ, ఏడాదికి రెండుసార్లు టెక్నీషియన్, ఇవన్నీ కూడి 120తో భాగించి నెలకి ఇంటికెంతో తేల్చండి. ఆ మొత్తం కడతామని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, సంతకాలతో నకలు పెట్టండి. నాలుగో గడికి ఇంతకంటే గట్టి సమాధానం లేదు.

ఫలితం దగ్గర "దొంగతనాలు 70 శాతం తగ్గుతాయి" అని మాటివ్వకండి. రెండేళ్లకి 23 సంఘటనలంటే ఏడాదికి 11, 12. అంత చిన్న సంఖ్య ఏ పనీ చేయకపోయినా ఒక ఏడాది 15, ఇంకో ఏడాది 8 అవుతుంది. మీ చేతిలో ఉన్నవాటికి మాటివ్వండి: పార్కింగ్‌లో ఎక్కడా 2 లక్స్‌కి తగ్గదు, ఆగిన దీపం మూడు రోజుల్లో వెలుగుతుంది, పోలీసులు అడిగిన దృశ్యం 24 గంటల్లో ఇస్తాం, ప్రతి మూడు నెలలకీ సంఘటనల పట్టిక పంపుతాం. ఆ పట్టికలో పక్క వీధికి వేరే నిలువు వరస వేయండి. "నేరం అటు జరిగిపోయిందేమో" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది.

డబ్బు చేతికి వచ్చే తీరు కూడా ముందే కనుక్కోండి. చాలాచోట్ల ముందు మీరు ఖర్చు పెట్టి బిల్లులిస్తే తర్వాత ఇస్తారు. సంఘం ఖాతాలో అంత లేకపోతే మంజూరైనా పని మొదలవదు. సాధారణంగా మంజూరు పత్రం తేదీకి ముందున్న ఒక్క బిల్లు కూడా ఒప్పుకోరు, అడ్వాన్సుతో సహా. బిల్లు సంఘం పేరు మీదే ఉండాలి, కార్యదర్శి పేరు మీద ఉంటే తిరిగొస్తుంది. ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టండి. స్తంభం స్థలం మార్చాల్సి వచ్చినా, కెమెరా మోడల్ దొరక్క వేరేది కొనాల్సి వచ్చినా, కొనకముందే రాసి అనుమతి తీసుకోండి. కొన్నాక చెబితే ఆ మొత్తం కోసేస్తారు.

ఈసారి రాకపోతే మార్కుల వివరం అడగండి, ఇచ్చే సంస్థలు చాలానే ఉన్నాయి. ఈలోపు గేటు మూసే ఏర్పాటూ తాళాల సంగతీ గ్రాంటు లేకుండానే మొదలుపెట్టొచ్చు. అయితే మొదలుపెట్టిన తేదీ మీ పట్టికలో రాసి ఉంచండి, లేకపోతే వచ్చే ఏడాది ముందూ తర్వాతా విడదీసి చూపించలేరు.