హ్యాబిటాట్ ఇంటికి దరఖాస్తు పెట్టబోతున్న మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

మీ ఊళ్ళో హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే, ఇళ్ళు కట్టించే సేవాసంస్థ వాళ్ళు కొత్త ఇళ్ళకి దరఖాస్తులు తీసుకుంటున్నారనీ, మీ ఆయన, మన అబ్బాయి, మాత్రం "ధర్మానికిచ్చే ఇల్లు మనకెందుకు" అంటున్నాడనీ రాశావు. ముందు ఆ మాట సంగతి చూద్దాం. వాళ్ళు ఇల్లు ఊరికే ఇవ్వరమ్మా, అమ్ముతారు. మీరు కొంటారు, నెలనెలా కిస్తీ కడతారు. కాకపోతే వాళ్ళు లాభం వేసుకోరు. వడ్డీ లేకుండానో, బాగా తక్కువ వడ్డీకో లోన్ కుదురుస్తారు. కిస్తీ సాధారణంగా మీ ఆదాయంలో 30 శాతం దాటకుండా చూస్తారు. మీరు కట్టిన డబ్బు వెనక్కి వెళ్ళి ఇంకో కుటుంబం ఇంటికి పనికొస్తుంది. 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే చిన్న ఊళ్ళో మిలర్డ్, లిండా ఫుల్లర్ దంపతులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1983లో మన దేశంలో వాళ్ళ పని మొదలైంది మన ఖమ్మంలోనే అని కూడా అబ్బాయికి చెప్పు. గోదాములో రాత్రి షిఫ్టులు చేసి కిస్తీ కట్టేవాడు ఎవరి దయ మీదా బతకడం లేదు. క్రైస్తవ సంస్థగా పుట్టింది నిజమే గానీ, కుటుంబాల్ని ఎంచుకునేటప్పుడు మతం చూడరు, చూడటానికి చట్టం ఒప్పుకోదు.

నేను మా ఊరి శాఖలో కుటుంబాల్ని ఎంపిక చేసే కమిటీలో చాలాకాలంగా ఉన్నాను. ఒక్కో ఊరి శాఖ ఒక్కో విడి సంస్థ, కాబట్టి మా దగ్గరి నిబంధనలే మీ దగ్గరా ఉంటాయనుకోకు. అన్నిచోట్లా చూసేవి మాత్రం మూడు: ఇప్పుడున్న ఇంట్లో మీ ఇబ్బంది, కిస్తీ కట్టగల స్థోమత, వాళ్ళతో కలిసి పనిచేసే మనసు. ఆదాయం మరీ ఎక్కువున్నా కుదరదు, మరీ తక్కువున్నా కుదరదు. చాలా శాఖల్లో ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం పైపరిమితి, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. మీ ఇద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి శాశ్వత నివాసం ఉందా అని అడిగినా చిక్కు లేదు.

మనవాళ్ళ దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గరే. అబ్బాయి శని ఆదివారాలు కొట్లో పనిచేసి చేతికి నగదు తెచ్చుకుంటున్నాడన్నావు. ట్యాక్స్ రిటర్న్‌లో చూపించని డబ్బు వాళ్ళ లెక్కలో ఆదాయమే కాదు. పైగా అదొక తప్పుగా మిగులుతుంది. ట్యాక్సులు చూసే మనిషి దగ్గరికి వెళ్ళి ముందు ఆ లెక్క సరిచేయించండి. రెండోది చేబదుళ్ళు. మీ ఆడపడుచు పంపిన రెండు వేల డాలర్లో, చీటీ పాడిన డబ్బో ఒక్కసారిగా బ్యాంకు ఖాతాలో పడితే ఎక్కడిదని అడుగుతారు. అడుగుతారని తెలిసినప్పుడు ఎవరు, ఎందుకు పంపారో రాతలో పెట్టుకుని ఉండు. ఊళ్ళో మామగారు అబ్బాయి పేర పెట్టిన స్థలం ఉంది కదా, అదీ దరఖాస్తులో రాయండి. దాచడం వల్ల పోయే నమ్మకం స్థలం ఉండటం వల్ల పోదు.

మీ అప్పుల చరిత్ర చెప్పే క్రెడిట్ రిపోర్ట్, దాన్ని తయారుచేసే మూడు సంస్థల దగ్గరా ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఈ వారమే తెప్పించు. ఎప్పుడో కట్టేసిన ఆసుపత్రి బిల్లు ఇంకా బాకీ కింద కనిపిస్తుంటే ఇప్పుడే రాసి సరిచేయించు. ఇల్లు రిజిస్ట్రేషన్ అయ్యేదాకా కొత్త కారు కొనొద్దు, ఫర్నిచర్ వాయిదాల్లో తేవద్దు, ఎంత దగ్గరి చుట్టమైనా వాళ్ళ లోన్‌కి సంతకం పెట్టొద్దు.

తర్వాత స్వెట్ ఈక్విటీ, అంటే మీ శ్రమ వాటా. చాలా శాఖలు 200 నుంచి 500 గంటల దాకా అడుగుతాయి. మేకులు కొట్టడమే అక్కర్లేదు. రీస్టోర్ అనే వాళ్ళ కొట్లో పనిచేసినా, బడ్జెట్ క్లాసులకి వెళ్ళినా లెక్కే. కొన్నిచోట్ల బంధువులు చేసిన గంటలు కూడా కలుపుతారు. పదహారేళ్ళ లోపు పిల్లల్ని పని జరిగే చోటికి రానివ్వరు, కాబట్టి చిన్నదాన్ని ఎవరి దగ్గర ఉంచాలో ఇప్పుడే ఆలోచించు. అబ్బాయిని మాత్రం ఎలక్ట్రిక్, ప్లంబింగ్ పని జరిగే రోజుల్లో తప్పకుండా ఉండమను. ఏ గోడలో ఏ పైపు పోయిందో చూసినవాళ్ళు తర్వాత మరమ్మతుల్లో బోలెడు డబ్బు మిగుల్చుకుంటారు, అది నేను చాలా ఇళ్ళలో చూశాను.

వాస్తు గురించి కూడా ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. స్థలం, ఇంటి నమూనా ఎంచుకునే వీలు తక్కువే ఉంటుంది. దక్షిణపు గుమ్మం వస్తే వద్దనుకునేట్టయితే ఎంపికకి ముందే చెప్పండి. అయ్యాక వెనక్కి తగ్గితే ఆ వరసలో ఉన్న ఇంకో కుటుంబానికి నష్టం.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది అమ్మకం షరతులు. ఇంటి మార్కెట్ విలువకీ, మీరు కట్టే ధరకీ మధ్య తేడాని చాలా శాఖలు రెండో లోన్‌గా రాసుకుంటాయి. దానికి నెలకిస్తీ ఉండదు. మీరు అక్కడే కాపురం ఉంటే ఏళ్ళ మీద కొద్దికొద్దిగా మాఫీ అవుతుంది. మధ్యలో అమ్మితే మిగిలింది తిరిగి ఇవ్వాలి. అమ్మేటప్పుడు ముందుగా కొనే హక్కు సంస్థదే అనే షరతు కూడా ఉండొచ్చు. అద్దెకిచ్చి వేరే రాష్ట్రం వెళ్ళిపోదామంటే కుదరదు. ఇది అన్యాయం కాదు, తక్కువ ధరకి వచ్చిన ఇల్లు వ్యాపారపు సరుకు కాకూడదనే ఈ కట్టడి. కానీ అయిదేళ్ళలో డాలస్ వెళ్ళాలని మీ మనసులో ఉంటే ఈ ఇల్లు మీకు కాదు. ఆ సంగతి ఇద్దరూ నిజాయితీగా తేల్చుకోండి.

వడ్డీ మారకపోయినా కట్టే మొత్తం మారుతుంది, ఎందుకంటే ఇంటి పన్నూ, ఇన్సూరెన్సూ అందులోనే కలిపి తీసుకుంటారు. మీ రాష్ట్రంలో హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్, అంటే సొంతింట్లో కాపురముండేవాళ్ళకి ఇంటి పన్నులో తగ్గింపు, ఉంటే ఇల్లు చేతికొచ్చిన ఏడాదే దరఖాస్తు పెట్టు. వాటర్ హీటర్ పాడైతే ఫోన్ చేయడానికి ఇంటి ఓనరు ఉండడు, నెలకి కొంత పక్కన పెట్టండి.

ఒకవేళ కాదంటే చిన్నబుచ్చుకోకు. పూర్తి దరఖాస్తు అందిన 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, కారణం తెలుసుకునే హక్కు మీకుంది. ఆ కారణం సరిచేసుకుని మళ్ళీ పెట్టినవాళ్ళకి తాళాలు అందిన సందర్భాలు మా కమిటీలో ఉన్నాయి.

మొదటి సమావేశానికి ఇద్దరూ కలిసే వెళ్ళండి. రెండో లోన్ ఎన్నేళ్ళకి మాఫీ అవుతుంది, ఎవరి గంటలు లెక్కలోకొస్తాయి, కిస్తీలో ఏమేం కలుస్తాయి అని అబ్బాయినే అడగమను. అక్కడిచ్చిన కాగితాలు ఫోటో తీసి నాకు పంపు, సంతకాలు పెట్టేలోపు ఫోన్లో కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
అత్తయ్య