వంటింటి లితో: రేకంతా నల్లబడితే

ప్రశ్న: అల్యూమినియం ఫాయిల్ మీద పిల్లల క్రేయాన్‌తో బొమ్మ గీసి, కూల్‌డ్రింకు పోసి లితో ప్రింటు (జిడ్డు గీతకి ఇంకు అంటి, తడి చోట అంటని అచ్చు పద్ధతి) తియ్యబోయాను. రెండుసార్లూ బొమ్మతో పాటు రేకంతా ఇంకు అంటి నల్లబడింది. తెలుగు, ఒడియా రెండింటిలో ఆహ్వానపత్రం వెయ్యాలని ఉంది.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ముందు సీసా లేబుల్ చూడండి. పదార్థాల్లో 338 అన్న అంకె ఉంటే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నట్టు. నల్ల కోలాల్లో ఉండేది ఇదే. నిమ్మ డ్రింకులో ఉండేది సిట్రిక్ ఆమ్లం, దాన్ని నమ్ముకోవద్దు. గీత లేని చోట రేకు నీటిని పట్టుకునేది ఈ ఆమ్లం వల్లే. నీరు నిలిచిన చోట నూనె ఇంకు అంటదు.

అయితే మా అనుమానం కోలా మీద కంటే మీ వేళ్ళ మీదే ఎక్కువ. చేతి జిడ్డు కూడా గీతే కదా! పరీక్ష అట్టకి ఫాయిల్‌ని మెరుపు లేని వైపు పైకి వచ్చేలా, ముడత పడకుండా చుట్టండి. వెనిగర్ దూదితో తుడిచి, ఆరాక అంచులు మాత్రమే పట్టుకోండి. క్రేయాన్‌లో ఎక్కువగా మైనమే, జిడ్డు చాలదు. ఆయిల్ పేస్టల్ గానీ బట్టల సబ్బు ముక్క అంచు గానీ వాడండి. కోలా రేకంతా పారేలా పోసి, అర నిమిషం ఆగి నీళ్ళతో కడగండి. తరవాత రెండు చుక్కల వంటనూనెతో గీతలు తుడిచెయ్యండి. బొమ్మ మాయమైనట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి, జిడ్డు జాడ రేకు మీదే ఉంటుంది.

ఇక తడి స్పాంజి చేతిలోంచి దించకూడదు. తడి, ఇంకు రోలరు, మళ్ళీ తడి. ఇలా నాలుగైదుసార్లు. గీత లేని చోట ఇంకు మసక కమ్మితే తడిపి, రోలరు చకచకా తిప్పండి. నెమ్మదిగా తిప్పితే ఇంకు దిగుతుంది, వేగంగా తిప్పితే ఎక్కువైనది లేచొస్తుంది. ప్రెస్సులో వాడే ఆఫ్‌సెట్ ఇంకు కాస్త చాలు, రోలరు మీద పలచగా పరవండి. పోస్టరు రంగు నీటిలో కలిసిపోతుంది, పనికిరాదు. స్పాంజి రోలరు ఇంకంతా తాగేస్తుంది, రబ్బరుదే కావాలి.

కాగితం తడిపి, పాత గుడ్డతో అద్ది, రేకు మీద పరిచి గరిటె వీపుతో రుద్దండి. రేకు పలచన కాబట్టి కొద్ది ప్రింట్లకే అరిగిపోతుంది. కడగడానికి కిరసనాయిలు అక్కర్లేదు, వంటనూనె, తరవాత గిన్నెల సబ్బు చాలు.

అక్షరాలు తెలుగైనా ఒడియా అయినా తిరగేసి రాయాలి. పలచటి కాగితం మీద మామూలుగా రాసి, రాసిన వైపే పెన్సిలు పొడి రుద్ది, ఆ వైపు రేకుకి ఆనించి వెనక నుంచి తేలిగ్గా దిద్దండి. కార్బన్ కాగితం వద్దు, దాని మైనం కూడా అచ్చులో పడుతుంది.