సాంబ్రాణి పొగ గదికే, బిడ్డకు వద్దు

చిట్టితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

పసివాడికి తలంటి సాంబ్రాణి పొగ వేయమని మీ అత్తగారు, వద్దని డాక్టరమ్మ అంటున్నారని రాశావు. నేను డాక్టరమ్మ వైపే. మీ అమ్మకు నేనూ బుట్ట బోర్లించి, కింద ధూపం పెట్టి తల ఆరబెట్టాను. మీ మామయ్యకు మాత్రం ఆ పొగకే ఆయాసం వచ్చింది. రాత్రంతా భుజాన వేసుకుని తిరిగాను. ఆ మర్నాటి నుంచి మానేశాను. నెలల బిడ్డ ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే తల్లీ. పాత నేత చీర ముక్కతో తల మెత్తగా అద్దు, చాలు. ఆ నాలుగు వెంట్రుకలు వాటంతటవే ఆరతాయి.

అలాగని సాంబ్రాణినే మానవద్దు. శుక్రవారం సాయంత్రం దేవుడి గదిలో, కిటికీలు తెరిచి వేసుకో. ఆ పరిమళం లేకపోతే నాకు పూజ చేసినట్టే ఉండదు. మన వీధి చివరి దర్గాలోనూ అదే ధూపం. జ్ఞానులు బాలయేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారని తెలుగు బైబిల్లో ఉంది. అక్కడి అసలు చెట్టు వేరే, మనవాళ్లు తెలిసిన పేరు పెట్టుకున్నారు.

మనం వాడేది సుమత్రా వైపు స్టైరాక్స్ చెట్టు బంక. బెరడుకు గాటు పెడితేనే పాలలా ఊరి గడ్డకడుతుంది. ముక్క విరిచి చూడు, గోధుమరంగులో బాదంపలుకుల్లాంటి తెల్లని ముక్కలు కనిపించాలి. కొబ్బరి చిప్పల నిప్పుల మీద తెల్లని బూడిద పట్టాక శనగగింజంత వేయి. కరిగి, నురగకట్టి, తీయని వాసన రావాలి. నల్లని పొగ, ముక్కు మండే ఘాటు వస్తే అందులో చవక బంక కలిపారు, పారేయి. నిప్పులు గదిలో వదిలి తలుపులు మూసుకుని పడుకోవద్దు, ప్రాణానికే ముప్పు.

గుగ్గిలమూ ధూపం వేసే చెట్టు బంకే కానీ, ఆ చెట్టు వేరు. మా పుట్టింటి రేవులో దాన్ని నూనెతో కాచి నావ పలకల సందులకు పూసేవారు. గాయాలకు కాంపౌండరు పూసే టించర్ బెంజాయిన్ మాత్రం స్పిరిట్‌లో కరిగించిన మన సాంబ్రాణే.

మీ అత్తగారితో వాదించకు. ధూపం ఆవిడ చేతే వేయించు. పొగ పోయేదాకా పసివాడిని వీధి అరుగు మీద నీ ఒళ్లో ఉంచుకో. చిప్పల బొగ్గులు మామయ్యతో పంపిస్తున్నాను.

మీ అమ్మమ్మ