అడగండి, చెప్తా: బండి వచ్చేలోపు

పోయిన నెల ఈ పేజీలో గుండెపోటు గురించి రెండు ముక్కలు రాశాను. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు కలిపి బాగానే వచ్చాయి, చాలావాటిలో ఒకటే గోడు: 108కి ఫోన్ చేస్తే బండి వేరే కేసులో ఉందంటున్నారు, ఈలోగా మేమేం చెయ్యాలి అని. నేను పన్నెండేళ్లు 108లో ఈఎంటీగా, అంటే బండిలో పేషెంటును చూసుకునే మనిషిగా, తిరిగినవాణ్ణి కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: అన్నా, మాది గుత్తి దగ్గర హైవే పక్క పల్లె, నాది కిరాణా అంగడి. మా కళ్ల ముందే యాక్సిడెంట్లు అవుతుంటాయి. ఫోన్ చేస్తే బండి అనంతపురం పోయింది అంటారు. మేం పదిమంది స్నేహితులం చందాలేసుకుని పాత ఓమ్ని వ్యాన్ కొని, సైరన్ పెట్టి సొంతంగా అంబులెన్స్ నడపాలనుకుంటున్నాం. మీ సలహా కావాలి.

జవాబు: తమ్ముడూ, చందా డబ్బు అట్లే పెట్టండి, ఓమ్ని మాత్రం కొనొద్దు.

బండి ఎందుకు దొరకదో ముందు చెప్తా. మీ దగ్గర దెబ్బ తగిలిన మనిషిని అనంతపురం పెద్దాసుపత్రికి చేర్చాలంటే దాదాపు 50 కిలోమీటర్లు. పోవడానికి గంట, అక్కడ క్యాజువాల్టీలో మంచం ఖాళీ అయ్యేదాకా పేషెంటు మా స్ట్రెచర్ మీదే, తర్వాత కాగితాలు, సంతకాలు, బండిలో రక్తం కడుక్కోవడం, ఆక్సిజన్ ఎంతుందో చూసుకోవడం, మళ్లీ తిరిగి రావడం. ఒక కేసంటే రెండున్నర మూడు గంటలు ఆ బండి మీ మండలంలో లేనట్టే. జనానికి మాత్రం మేం ఎక్కడో టీ తాగుతున్నట్టే కనిపిస్తాం. (తాగినా తప్పేం లేదనుకోండి, ఆ పంచాయితీ ఇంకోసారి.)

ఇంకో బండి ఉంటే ఆ లోటు తీరుతుంది కదా అంటావు. మెడ దెబ్బతిన్న మనిషిని కదలకుండా పడుకోబెట్టి, పక్కన ఒకరు కూర్చుని చూసుకునే చోటు ఓమ్నిలో ఎక్కడుంది? అంబులెన్సులకు ఏఐఎస్-125 అని వేరే ప్రమాణాలున్నాయి, రిజిస్ట్రేషన్ వేరు, ఇన్సూరెన్స్ వేరు, ఇష్టమొచ్చినట్టు సైరన్ పెట్టుకుంటే పోలీసులు ఆపుతారు. పైగా పెట్రోలు, టైర్లు, రాత్రి రెండు గంటలకు లేచే డ్రైవరు. ఆరు నెలలు ఉత్సాహంగా నడుస్తుంది, ఆ తర్వాత వేపచెట్టు కింద ఎండకు ఎండుతుంది. ఇట్లాంటి బండ్లు నేను మూడు చూశాను.

ఇంగ్లండ్‌లో ఈ సమస్యకు ఇంకో దారి పట్టారు. అక్కడ ప్రాణం మీదికొచ్చిన కేసుకు సగటున 7 నిమిషాల్లో చేరాలని లెక్క, పల్లెల్లో అది అయ్యే పని కాదు. అందుకని ఊళ్లలోనే మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, కమ్యూనిటీ ఫస్ట్ రెస్పాండర్లు అని పేరు పెట్టి, ఒక సంచీ ఇస్తారు. అందులో ఆక్సిజన్, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ మిషను ఉంటాయి. జీతం లేదు. దగ్గర్లో ఎవరికైనా గుండె ఆగిందంటే కంట్రోల్ రూము నుంచి వాళ్ల ఫోన్ మోగుతుంది, అదే నిమిషంలో అంబులెన్సును కూడా పంపిస్తారు. ఆ మనిషి సొంత కార్లోనే, మామూలుగా సైరన్ గొడవేమీ లేకుండా, ట్రాఫిక్ రూల్స్ ప్రకారమే పోతాడు. పేషెంటును ఎక్కడికీ తీసుకుపోడు, అంబులెన్సు వచ్చేదాకా పక్కనుండి చెయ్యాల్సింది చేస్తాడు, వచ్చాక వాళ్లకు అప్పజెప్పి ఇంటికి పోతాడు. మీ పదిమందికి సరిపోయే పని ఇదే. మీరున్నది సంఘటన జరిగిన చోట, బండి కంటే ముందే అక్కడుంటారు కూడా.

మరి హైవే మీద ఏం చెయ్యాలంటే, ఒకరు వెనక నుంచి వచ్చే లారీలకు టార్చి ఊపుతూ దూరంగా నిలబడాలి, లేకపోతే ఒక యాక్సిడెంట్ రెండవుతుంది. ఇంకొకరు 108కి ఫోన్ చేసి కిలోమీటరు రాయి మీది నంబరు, రోడ్డుకు ఏ వైపో చెప్పాలి. "గుత్తి దాటినాక డాబా దగ్గర" అంటే మా పైలట్ అన్నకు (108 డ్రైవరును అట్లా అంటాం) ఏ డాబా అని తెలుస్తుంది? జాతీయ రహదారి మీద 1033కి కూడా చెయ్యొచ్చు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, తడిసిందని తీసి చూడొద్దు, దాని మీదే ఇంకోటి వెయ్యండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ పీకొద్దు. నీళ్లు తాగించొద్దు. మనిషిని మడిచి ఆటోలో కుక్కొద్దు, వెన్నుపాము అక్కడే పోతుంది. బండి రాగానే దెబ్బ ఎన్నింటికి తగిలింది, స్పృహ ఉండి తప్పిందా, వాంతి అయిందా, ఈ మూడూ చెప్పండి. మాకు అవి బంగారం.

నేర్చుకోవడానికి జిల్లా రెడ్‌క్రాస్ శాఖను అడగండి, జిల్లాలో దానికి కలెక్టరే అధ్యక్షులు. గుండె ఆగినవాళ్ల రొమ్ము నొక్కడం బొమ్మ మీద చేతులు పెట్టి చేయించే శిక్షణే కావాలని గట్టిగా చెప్పండి. ఒకచోట నన్ను పిలిచి గంట సేపు ఉపన్యాసం చెప్పించి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపించారు, బొమ్మను సంచీలోంచి బయటికి కూడా తియ్యనివ్వలేదు.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా మామగారు అన్నం తింటూ ఒరిగిపోయారు. 108కి చేస్తే బండి పంపకుండా ఏవేవో ప్రశ్నలు అడుగుతూ టైం పోగొట్టారు. గురక లాంటి శబ్దం వస్తోంది కదా, ఊపిరి ఉందిలే అని మేం గుండె మీద నొక్కలేదు. దక్కలేదండీ. వాళ్ల ప్రశ్నల వల్లే ఆలస్యమైందని మా ఇంట్లో ఇప్పటికీ కోపం.

జవాబు: అమ్మా, ముందు ప్రశ్నల సంగతి. ఊరు, గుర్తు, ఏం జరిగింది అన్నది తెలియగానే బండిని కదిలించే పని మొదలవుతుంది, మీరు లైన్‌లో చెప్పేది బండిలో ఉన్నవాళ్లకు అందుతుంది. మాట్లాడుతున్నంతసేపూ బండి ఆగి ఉందని అనుకోవద్దు. ఫోన్ పెట్టెయ్యకుండా స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచుకోవాలి.

మీరు రాసిన ఆ గురకను మన పెద్దవాళ్లు ఎగశ్వాస అంటారు. గుండె ఆగిన కొత్తల్లో కొందరికి నోరు తెరుచుకుని, చేపలా, ఆగి ఆగి అట్లా వస్తుంది. అది ఊపిరి కిందికి రాదు. చూసినవాళ్లలో నూటికి తొంభై మంది మీలాగే మోసపోతారు (ఈ లెక్క నా అనుభవంలోది, పుస్తకంలోది కాదు), చదువుకున్నవాళ్లు, కొత్త నర్సులు కూడా. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఇకమీదట ఎవరికైనా సరే, భుజం తట్టి పిలిస్తే పలకలేదు, ఊపిరి మామూలుగా లేదు, అంతే, నొక్కడం మొదలుపెట్టాలి. మంచం మీద కుదరదు, నేల మీదికి దించాలి. ఎదురు రొమ్ము మధ్యలో, అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి, మోచేతులు వంచకుండా, రెండంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ రొమ్ము పూర్తిగా పైకి రానివ్వాలి. నోట్లో ఊదడం రాకపోయినా ఫర్వాలేదు, మన దేశంలో మత్తు డాక్టర్లు మామూలు జనానికి ఉత్త నొక్కుడే నేర్పిస్తున్నారు, దాన్ని కోల్స్ అంటారు. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, అందుకే ఒక్కరితో అయ్యే పని కాదు, పక్కింటివాళ్లకూ వచ్చి ఉండాలి. నొక్కకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. బండి పక్క వీధిలోనే ఉన్నా ఆ మొదటి నిమిషాలు ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంటాయి.

ప్రశ్న: సాయం చేస్తే పోలీస్ స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయం. (కడప నుంచి ఒక ఆటో డ్రైవర్)

జవాబు: ఆ రోజులు పోయాయి, కనీసం చట్టంలో. 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. పేరు, ఫోన్ నంబరు చెప్పమని బలవంతపెట్టకూడదు, సాక్షిగా ఉండాలా లేదా అన్నది నీ ఇష్టం. పైగా తీవ్రంగా గాయపడిన మనిషిని గంటలోపు ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం 25,000 రూపాయల బహుమతి పెట్టింది. అది 2021లో 5,000తో మొదలైంది.

ప్రశ్న: శనగ చేలో పాము కరిస్తే 108 కోసం ఆగాలా, బైక్ మీద తీసుకుపోవాలా? (కళ్యాణదుర్గం వైపు రైతు)

జవాబు: ఇక్కడ నా మాట తిరగబడుతుంది. రోడ్డు దెబ్బకు ఆగమన్నాను, పాముకు ఆగొద్దు. బండి ఎంతలో వస్తుందో అడగండి, ఆలస్యమంటే విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి, బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకుని బయల్దేరండి. కరిచిన కాలికి కట్టె కట్టి కదలకుండా చూడాలి, అంతే. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పొయ్యడం వద్దు. పామును పట్టుకుని తేనక్కర్లేదు, మన దగ్గర దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే. కట్లపాము కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోతున్నాయి అంటే దాన్నే అనుమానించండి.

ప్రశ్న: సార్, కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను. బస్టాండ్ దగ్గర ఒక పెద్దాయన పడిపోతే నేర్చుకున్నట్టే ఇరవై నిమిషాలు నొక్కాను. పక్కటెముక విరిగిన శబ్దం వినిపించింది. ఆయన బతకలేదు. నువ్వు విరగ్గొట్టడం వల్లే పోయాడని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిద్ర పట్టడం లేదు.

జవాబు: నాయనా, నువ్వు చెయ్యి వేసేటప్పటికే ఆయన గుండె ఆగిపోయింది. పెద్దవాళ్లకు సరైన లోతులో నొక్కితే ఎముకలు చిట్లడం మామూలే, నాకూ ఎన్నోసార్లు చేతి కింద ఆ శబ్దం తెలిసింది, నీ ఫ్రెండ్‌కు ఇది చూపించు. ఎంత బాగా నొక్కినా ఎక్కువమంది బతకరు, శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పకపోవడం మా తప్పు. పది పదిహేను రోజులైనా నిద్ర రాకపోతే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, డబ్బులు లేవు, తెలుగులోనే మాట్లాడతారు.

నా మొదటి కేసు డోన్ దాటాక ఒక లారీ క్లీనరు, నీ వయసే ఉంటుంది. ఆసుపత్రిలో అప్పజెప్పి వస్తుంటే పైలట్ అన్న బండి పక్కకు ఆపి నాకు ఒక గోలీసోడా కొట్టించి ఇచ్చాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సోడా అయ్యేలోపే ఇంకో కాల్ వచ్చింది, పోయాం.